కౌలు ఒకరికి, మోత ఇంకొకరికి

సంపాదకులకు,

పవన, సౌర విద్యుత్ ప్రాజెక్టులు వద్దన్న ఊళ్లపై అభివృద్ధి నిరోధకులని ముద్ర వేయడం తేలిక. గొడవ పుట్టేది ఎక్కువగా డబ్బు, ఇబ్బంది వేర్వేరు గడపలకు చేరడం వల్లే. గాలిమర ఉన్న పొలం యజమానికి ఏటా కౌలు అందుతుంది. గట్టు అవతలి ఇంటికి రాత్రి మోత, పొద్దువాలే వేళ కిటికీ మీద ఆడే రెక్కల నీడ మిగులుతాయి. సౌర పార్కుల్లో ఇంకా అన్యాయం. అక్కడ సాగుచేసిన కౌలుదారులకు, పశువులు మేపుకున్నవాళ్లకు, కూలీలకు చేతిలో కాగితం ఉండదు, కనుక పరిహారం జాబితాలో పేరూ ఉండదు.

నీడ ఇబ్బందికి లెక్క ఉంది. జర్మనీ మార్గదర్శకాల ప్రకారం ఒక ఇంటిపై అది గరిష్ఠంగా ఏడాదికి 30 గంటలు, రోజుకు 30 నిమిషాలు. అంతకు మించేలా ఉంటే మర తనంతట తానే ఆగేలా పరికరం బిగిస్తారు. మోత విషయంలో పగటి కొలతలు చూపించి సర్దిచెప్పడం చెల్లదు. నేల దగ్గర గాలి పడిపోయి చుట్టూ సద్దుమణిగినా, రెక్కల ఎత్తులో గాలి జోరుగా వీచే రాత్రులుంటాయి. కొలవాల్సింది అప్పుడు.

ఇరుగుపొరుగుకు వాటా ఇవ్వడమూ కొత్తేం కాదు. గాలిమరలకు 4.5 కిలోమీటర్ల లోపు నివసించేవారికి కనీసం 20 శాతం వాటాలు అమ్మజూపాలనే చట్టాన్ని డెన్మార్క్ 2009లో అమల్లోకి తెచ్చింది. కొనే స్తోమత లేనివాళ్లకు దానివల్ల ఒరిగేది తక్కువే. 2020లో దాన్ని తీసేసి, దగ్గరి ఇళ్లకు ఏటా నేరుగా బోనస్ చెల్లించే పద్ధతి పెట్టారు. నా దృష్టిలో ఇదే మేలు.

అయితే మరలు ఎక్కడ పెట్టాలో ఖరారయ్యాక జరిపే ప్రజాభిప్రాయ సేకరణ ఉత్త తంతు. నార్వేలోని ఫోసెన్‌లో సామీ అనే ఆదివాసులు రెయిన్‌డీర్లను మేపుకునే నేలపై 151 మరలు నిలబెట్టేశాక, 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ అనుమతులు చెల్లవంది. మరలు తిరుగుతూనే ఉన్నాయి.

కౌలు పత్రంలో చాలామంది చూడని షరతు ఒకటుంది: గడువు తీరాక ఎవరు, ఎంత లోతు వరకు తొలగించాలి? పునాదిలో వందల ఘనమీటర్ల కాంక్రీటు ఉంటుంది. పైన మీటరు మేర తీసి మట్టి కప్పితే చాలని రాసుకునే ఒప్పందాలున్నాయి. పైగా పాతికేళ్లలో ప్రాజెక్టు చేతులు మారి, చివరి యజమాని దగ్గర చిల్లిగవ్వ లేకపోవచ్చు. తొలగింపు ఖర్చుకు బ్యాంకు గ్యారంటీని పని మొదలుకాకముందే జమ చేయించాలి.

భవదీయుడు,
ఒక పాఠకుడు