ఆ వగరే అసలు సరుకు

అడయార్, చెన్నై

నానీ,

నంది హిల్స్ దగ్గర ద్రాక్షతోటలో రెడ్ వైన్ తాగితే నాలుక పీక్కుపోయిందనీ, సగం గ్లాసు వదిలేశాననీ రాశావు. ఫ్రెండ్స్ అందరూ ‘ఫుల్ బాడీడ్’ అని తలలూపుతుంటే నీకొక్కడికే ఏమీ అర్థం కాలేదట. వాళ్లలో సగంమందికీ అర్థమై ఉండదులే. నీ నాలుక సరిగ్గానే పనిచేసింది. నువ్వు వదిలేసిన ఆ వగరే అందులో అసలు సరుకు.

తోళ్ల ల్యాబ్‌లో పనిచేసినదాన్ని కదా, వైన్ కంటే ముందే నాకు ఆ వగరుకి మూలమైన టానిన్ తెలుసు. తంగేడు చెక్క, కరక్కాయ నానిన నీళ్లలో పచ్చితోలు ఊరితే కుళ్లదు. వాటిలోని టానిన్ తోలులో ఉన్న ప్రోటీన్‌ని పట్టేసుకుంటుంది. ద్రాక్ష తొక్కలో, గింజలో ఉండేదీ ఆ జాతిదే. నోట్లోకి రాగానే లాలాజలంలోని ప్రోటీన్‌ని పట్టుకుంటుంది, దాంతో నోట్లో జారుడు పోయి చిగుళ్లు బిగుసుకుంటాయి. నల్లద్రాక్షలో కూడా చాలా రకాలకి రసం దాదాపు తెల్లగానే ఉంటుంది. తొక్కలతో కలిపి పులియబెడితేనే ఎరుపూ, వగరూ దిగుతాయి. కాబెర్నే సావిన్యోన్ అనే నల్లద్రాక్ష రకం ఉంది, దాని పండు చిన్నది, తొక్క మందం, గుజ్జుతో పోలిస్తే గింజ భాగం ఎక్కువ. అందుకే దానికి అంత వగరు.

అయితే వగరొక్కటే బాడీ కాదు. ఆల్కహాల్ కూడా బరువునిస్తుంది, ఇలాంటి వాటిలో 13.5 శాతం, ఆపైన ఉంటుంది. పల్చటి మజ్జిగకీ చిక్కటి మజ్జిగకీ నోట్లో తెలిసే తేడా ఉంటుందే, అదే బాడీ. మింగాక రుచి ఎంతసేపు నిలిచిందో కూడా చూడు. సీసా వెనక రాసే చెర్రీలు, పొగాకు, చాక్లెట్ వాసనల గురించి టెన్షన్ పడకు. నీకు నేరేడుపండు తోస్తే నేరేడుపండే.

ఈసారి గ్రోవర్ వాళ్ల లా రిజర్వ్ అనే రెడ్ వైన్ తీసుకో. కాబెర్నే, షిరాజ్ అనే రెండు రకాల ద్రాక్ష కలిపి చేస్తారు, ఆ నంది కొండల కిందిదే. రూమ్ టెంపరేచర్‌లో తాగాలని ఎవరైనా అంటే నమ్మకు, ఆ మాట చలిదేశాల గదులకి. 16 నుంచి 18 డిగ్రీలు చాలు. మన ఎండల్లో అరగంట ఫ్రిజ్‌లో పెట్టాల్సిందే. వేడిగా ఉంటే స్పిరిట్ వాసన కొడుతుంది, మరీ చల్లబడితే వగరు ఇంకా కరుస్తుంది. గ్లాసు మూడోవంతుకి మించి నింపకు, తిప్పడానికి చోటుండాలి. మొదటి గుక్కకే తీర్పు చెప్పకు. నోరంతా తిప్పి మింగు, కాసేపాగి రెండోది తాగు.

ముఖ్యంగా ఖాళీ కడుపుతో వద్దు. మాంసం ప్రోటీన్, కొవ్వు, ఉప్పు తోడైతే ఆ వగరు మెత్తబడుతుంది. అలాగని మీ నాన్న చేసే గుంటూరు కారం వేపుడు పెట్టుకోకు. కారం ఆల్కహాల్ మంటని రెచ్చగొడుతుంది, వైన్ రుచే తెలీదు. కారం తగ్గించి గోంగూర మటన్ చేసుకో, బాగా కుదురుతుంది. పులుపు పక్కన వైన్‌లోని పండు రుచి పైకొస్తుంది. ఇది పుస్తకాల్లో చదివింది కాదు, మన డైనింగ్ టేబుల్ మీద తేలింది. (మీ అత్తయ్యకి చెప్పకు.)

ఒక గ్లాసు తాగితే క్యాబ్‌లో ఇంటికెళ్లు, బండి ముట్టుకోకు. సీసా మిగిలితే మూతపెట్టి ఫ్రిజ్‌లో నిలబెట్టు, మూడు రోజులుంటుంది. మర్నాడు కాస్త మెత్తబడినా ఆశ్చర్యం లేదు. ఆ తర్వాత మిగిలింది మటన్‌లో పోసెయ్.

దీపావళికి టికెట్ బుక్ చేశావా?

అమ్మ