వైరు కూడా కొలతలోకి వస్తుంది

పర్లాకిమిడి,
ఆదివారం

చిట్టితల్లీ,

ఎమ్మెస్సీ అయ్యాక కొత్త కొలత పరికరాలు కనిపెట్టే పనిలోకి వెళ్తానని రాశావు. వెళ్లు. కాకపోతే ఈ పనిలో ఆలోచన తట్టడానికి ఒక సాయంత్రం చాలు. నీ పరికరం నువ్వు అడిగినదాంతో పాటు ఇంకేం కొలుస్తోందో పట్టుకోవడానికి ఏళ్లు పడతాయి.

మీ ల్యాబులో ఉండే పీటీ-100నే తీసుకో, అదే ప్లాటినంతో చేసిన ఉష్ణోగ్రత సెన్సరు. దాని నిరోధం సున్నా డిగ్రీల దగ్గర 100 ఓములు, ఆపైన డిగ్రీకి సుమారు 0.385 ఓము పెరుగుతుంది. దాన్ని పది మీటర్ల అవతల పెట్టి రెండు వైర్లతో కలిపితే, అర చదరపు మిల్లీమీటరు రాగి వైరు పోనూ రానూ ఇరవై మీటర్లకి 0.7 ఓము దాకా కలుస్తుంది. మీటరు 1.8 డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది. అందుకని నాలుగు వైర్లు వాడు: రెండిట్లో కరెంటు పంపు, మిగతా రెండిట్లో వోల్టేజి చూడు. కరెంటు 1 మిల్లీఆంపియర్ దాటనివ్వకు. పది చేస్తే సిగ్నల్ పదింతలవుతుంది గానీ వేడి వందింతలవుతుంది, సెన్సరు తన వేడిని తానే కొలుచుకుంటుంది.

ఇంకో దొంగ టంకం దగ్గర ఉంటాడు. అతుకు ఒక పక్క వెచ్చబడితే మైక్రోవోల్టులు పుడతాయి. డిగ్రీలో వెయ్యో వంతుకి నీ సిగ్నలే 0.385 మైక్రోవోల్టు! కరెంటు దిశ తిప్పి మళ్లీ చదివి, రెండు రీడింగుల తేడాలో సగం తీసుకో. త్రాసు మీద అనుమానమొస్తే కంసాలిని పళ్లేలు మార్చి తూచమంటాం చూడు, అదే ఇది.

సున్నా సరిచూడ్డానికి చేపల బజారు ఐసు వద్దు, ఉప్పు తగిలితే సున్నా కిందకి దిగుతుంది. డిస్టిల్డ్ వాటర్ గడ్డకట్టించి, మెత్తగా కొట్టి, ఫ్లాస్కు నిండా కూరి, సందులు నిండేంత మాత్రమే నీళ్లు పొయ్యి. నీళ్లెక్కువై ఐసు పైకి తేలితే అడుగున 4 డిగ్రీలు ఉండొచ్చు. సెన్సరు 15 సెంటీమీటర్లయినా లోపలికి దిగాలి, పావుగంట ఆగాలి. మరిగే నీళ్లని మాత్రం 100 అని నమ్మకు. 870 మీటర్ల ఎత్తున్న కోరాపుట్‌లో మావయ్య ఇంట్లో అవి 97 దగ్గరే మరుగుతాయి.

పెద్దవాళ్ల పనీ ఇంతే. 1981లో బినిగ్, రోరర్ చేసిన టన్నెలింగ్ సూక్ష్మదర్శినిలో సూది మొనకీ వస్తువుకీ మధ్య పారే కరెంటుతో చిత్రం గీస్తారు; మొన 0.1 నానోమీటరు దూరం జరిగితే ఆ కరెంటు పదో వంతుకి పడిపోతుంది. పక్కన ఎవరైనా నడిచినా చాలు, చిత్రం పాడవుతుంది. కదలికని ఆపడానికి మొదటి యంత్రాన్ని అయస్కాంతాలతో అతివాహక (కరెంటుకి నిరోధమే లేని) సీసం మీద గాల్లో తేల్చారు. 1986లో నోబెల్ వచ్చింది.

చదువంటావా, బెంగళూరు ఐఐఎస్సీలో ఇన్‌స్ట్రుమెంటేషన్ అండ్ అప్లయిడ్ ఫిజిక్స్ అని ఒక విభాగమే ఉంది. శాస్త్ర పరికరాలు చేసే చండీగఢ్ సీఎస్ఐఓ, లేజర్ల మీద పనిచేసే ఇండోర్ ఆర్ఆర్‌క్యాట్ పరిశోధన సంస్థలు కూడా చూడు. మార్కులతో పాటు లేతు మీద ఇత్తడి తిప్పడం, సర్క్యూట్ బోర్డు గీయడం చేతికి రావాలి. ఏదైనా కొత్తది పడితే పేపరు పంపే ముందే పేటెంటుకి ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వెయ్యి. పూర్తి వివరాలివ్వడానికి పన్నెండు నెలల గడువుంటుంది. పేపరు ముందు బయటికి వస్తే కొత్తదనం పోయిందంటారు.

దసరాకి వచ్చేటప్పుడు ఆ సెన్సరు, నాలుగు వైర్లు పట్టుకురా. ఐసు నేను గడ్డకట్టించి ఉంచుతాను.

నాన్న