దసరా సెలవుల్లో ఫ్రెంచ్ నవలలు

తల్లిదండ్రులకు నమస్కారం.

సెలవుల్లో పిల్లల చేత ఏం చదివించమంటారని మీలో చాలామంది అడుగుతున్నారు. ఈసారి ఫ్రెంచ్ నవలలు చదివించండి. ఫ్రెంచ్ రానక్కర్లేదు, నేను చెప్పేవన్నీ ఇంగ్లిష్‌లో దొరుకుతాయి. పిల్లల చేతికిచ్చి ఊరుకోకుండా మీరూ చదవాలని నా కోరిక.

నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు ‘ది లిటిల్ ప్రిన్స్’ రాత్రిపూట చదివి వినిపించండి. ఆరు, ఏడు వాళ్లకు జూల్స్ వెర్న్. ‘అరౌండ్ ది వరల్డ్ ఇన్ ఎయిటీ డేస్’లో ఫిలియాస్ ఫాగ్ బొంబాయిలో కలకత్తా రైలెక్కుతాడు. తీరా చూస్తే మధ్యలో పట్టాలే వేయలేదు! ఏనుగును కొనుక్కుని అడవి దాటతాడు. అయితే వెర్న్ మన దేశానికి ఎప్పుడూ రాలేదు. మన ఆచారాల గురించి రాసినచోట ఆ దూరం కనిపిస్తుంది. ఆ పేజీలు దాటేయకండి, పక్కన కూర్చుని మాట్లాడండి. ఆయన సృష్టించిన జలాంతర్గామి నాయకుడు కెప్టెన్ నీమో మన బుందేల్‌ఖండ్ రాకుమారుడేనన్న సంగతి ‘ది మిస్టీరియస్ ఐలండ్’ చివర్లో బయటపడుతుంది.

ఎనిమిదో తరగతి నుంచి అలెగ్జాండర్ డ్యూమా రాసిన ‘ది కౌంట్ ఆఫ్ మోంటే క్రిస్టో’ ఇవ్వొచ్చు. 1844లో పారిస్ పత్రికలో సీరియల్‌గా మొదలైన నవల. దీన్ని పగ కథ అంటారు గానీ, నాకు ప్రాణం జైలు అధ్యాయాలే. చేయని నేరానికి సముద్రం మధ్య కోటలో బందీ అయిన నావికుడు ఎడ్మండ్ డాంటెస్. ఇంకో ఖైదీ, ఫారియా అనే ముసలి మతగురువు, పారిపోవాలని సొరంగం తవ్వుతూ లెక్క తప్పి ఇతని గదిలో తేలతాడు. రాసుకోవడానికి ఆయనకు ఏమీ ఇవ్వరు. చేప తలల ఎముకలతో కలాలు చేసుకుంటాడు, పొగమసిని ద్రాక్షసారాలో కలిపి సిరా చేస్తాడు, చొక్కాల గుడ్డ మీద రాస్తాడు. ఆ చీకట్లోనే డాంటెస్‌కు లెక్కలు, చరిత్ర, భాషలు నేర్పుతాడు. చదువు చెప్పడం గురించి ఇంత బాగా రాసింది నేను ఇంకెక్కడా చదవలేదు. సంక్షిప్త ప్రతి కొంటుంటే ఈ అధ్యాయాలు ఉన్నాయో లేదో చూసుకోండి.

తొమ్మిది, పది వాళ్లకు విక్టర్ హ్యూగో ‘లే మిజరబుల్’ (1862). చిత్తూరు నాగయ్యగారు నటించిన ‘బీదలపాట్లు’ ఇంట్లో పెద్దవాళ్లకు గుర్తుండొచ్చు, ఆ సినిమాకి మూలం ఇదే. అక్క పిల్లల ఆకలి చూడలేక రొట్టె దొంగిలించిన జాన్ వాల్‌జాన్, మధ్యలో పారిపోబోయి దొరికినందుకు శిక్ష పెరిగి, 19 ఏళ్లు జైల్లో ఉంటాడు. బయటికొచ్చాక అన్నం పెట్టిన బిషప్ ఇంట్లోనే వెండి సామాను ఎత్తుకుపోతాడు. పోలీసులు పట్టుకొస్తే బిషప్, అవి తానే ఇచ్చానని, వెండి కొవ్వొత్తి స్టాండ్లు కూడా ఇస్తే మరిచిపోయి వెళ్లాడని అంటాడు. అక్కడ పుస్తకం మూసి పిల్లల్ని అడగండి: బిషప్ ఆడిన అబద్ధం తప్పా? మీ జవాబు వెంటనే చెప్పేయకండి.

ఇక మీకోసం, అల్బేర్ కామూ ‘ది ఫస్ట్ మ్యాన్’. ఇది ఆయన సొంత బాల్యమే. తండ్రి మొదటి ప్రపంచ యుద్ధంలో పోయాడు. తల్లికి చదువు రాదు, చెవులు సరిగా వినిపించవు, ఇళ్లలో పనిచేసి పోషించింది. చిన్న బడి అయిపోగానే పిల్లాణ్ణి పనిలో పెడదామనుకుంది అమ్మమ్మ. టీచర్ లూయీ జెర్మేన్ ఆవిడను ఒప్పించి, స్కాలర్‌షిప్ పరీక్షకు ఫీజు తీసుకోకుండా చదివించారు. 1957లో నోబెల్ ప్రకటించాక, అమ్మ తర్వాత మొదట మీరే గుర్తొచ్చారని కామూ ఆ టీచరుకు ఉత్తరం రాశాడు. 1960లో కారు ప్రమాదంలో ఆయన చనిపోయినప్పుడు ఈ నవల రాతప్రతి ఆయన సంచిలో ఉంది. సగంలో ఆగిన ఆ రచన 1994లో పుస్తకంగా వచ్చింది. ఫీజులు, మార్కుల టెన్షన్ మధ్య మీకు తీరిక దొరకదని తెలుసు. అయినా ఇదొక్కటి చదవండి. చదివాక నాతో మాట్లాడాలనిపిస్తే తప్పకుండా రండి.

సెలవులిచ్చే ముందు శనివారం లైబ్రరీ సాయంత్రం దాకా తెరిచి ఉంటుంది. పిల్లల కార్డు మీదే మీరూ పుస్తకం తీసుకెళ్లొచ్చు. బడి తెరిచిన వారంలో తిరిగి ఇస్తే చాలు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు