ఆటస్థలానికీ జీవశాస్త్రానికీ బంధం చూపిన చెన్నైలోని పెద్దలకు, స్నేహితులకు కృతజ్ఞతలు

నా బి.పి.ఎడ్. (వ్యాయామ ఉపాధ్యాయుల డిగ్రీ) శిక్షణ ఈ నెలతో పూర్తయింది. జీవశాస్త్రం బోధనాంశంగా బి.ఎడ్. ఇంతకు ముందే తిరుపతిలో చేసి ఉన్నందున, ఇకపై తరగతి గదిలో పాఠమూ, మైదానంలో ఆటలూ రెండూ నేర్పే అర్హత నాకు కలిగింది. ఈ రెండూ వేర్వేరు కోర్సులు, ఒక్కొక్కటి రెండేళ్లు. ఒకదానిలో చదివింది రెండోదానిలో ఎలా పనికి వస్తుందో విద్యార్థి తనంతట తానే వెతుక్కోవాలి. అలా వెతుక్కునే వేళ నాకు చెయ్యందించినవారు చెన్నైలోని కొందరు తెలుగువారు, ఒక తమిళ స్నేహితురాలు. తమ పేర్లు రాయవద్దని వారు కోరినందువల్ల, పేర్లు లేకుండానే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మొదట విల్లివాక్కంలో ఉంటున్న విశ్రాంత ఫిజికల్ డైరెక్టర్ మాస్టారికి నమస్కారం. ఆయన తన ఆదివారాలు మానుకొని నాకూ నా సహాధ్యాయులకూ ట్రాక్ మార్కింగ్, అంటే పరుగు బాటకు గీతలు గీయడం, నేర్పారు. టేపు, తాడు, మేకులు, సున్నం, అంతకు మించి పరికరాలేమీ లేవు. కొలతలు కంఠస్థం చేయించి ఊరుకోకుండా, ప్రతి అంకె వెనుక ఉన్న కారణాన్ని మా చేతనే చెప్పించేవారు. లేన్, అంటే ఒక్కొక్కరు పరుగెత్తే వరుస, వెడల్పు 1.22 మీటర్లు. లోపలి అంచున గట్టు ఉంటే మొదటి లేన్ పొడవును ఆ గట్టుకు 30 సెంటీమీటర్ల దూరాన కొలుస్తారు. మిగిలిన లేన్లకు లోపలి గీత నుంచి 20 సెంటీమీటర్లు. బయటి లేన్ చుట్టు పొడవు ఎక్కువ గనుక, అందరి దూరం సమానం కావాలంటే ఆ లెక్కన పూర్తి చుట్టు పరుగులో రెండో లేన్ పిల్లవాడు 7.04 మీటర్లు ముందు నిలబడాలి. కానీ మన బడి మైదానాల్లో గట్టు ఎక్కడిది? సున్నపు గీత మాత్రమే ఉన్నప్పుడు మొదటి లేన్‌ను కూడా 20 సెంటీమీటర్ల దూరానే కొలవాలి గనుక, ఆ తేడా 7.67 మీటర్లవుతుంది. అంతకంటే నన్ను ఆకట్టుకున్న విషయం మరొకటి ఉంది. ట్రాక్ 400 మీటర్లదైనా 200 మీటర్లదైనా, ఒక పూర్తి చుట్టుకు ఈ తేడా మారదు. అది వంపు వ్యాసార్ధం మీద కాక లేన్ వెడల్పు మీద ఆధారపడుతుందని ఆయన తాడు పట్టించి చూపారు. గీత తప్పితే నష్టపోయేది పరుగెత్తిన పిల్లలేనని ఆయన అనే మాటను నేను ఉద్యోగంలో ఉన్నంత కాలం గుర్తుంచుకుంటాను.

మైలాపూర్‌లో జంతుశాస్త్ర అధ్యాపకురాలిగా ఉన్న అక్కకు నేను పడ్డ రుణం ఇంకా పెద్దది. కండరంలో సిద్ధంగా ఉండే ఏ.టి.పి. (కణానికి శక్తినిచ్చే పదార్థం) రెండు మూడు సెకన్ల పరుగుకే సరిపోతుందని, దాన్ని వెంటనే తిరిగి నింపేది ఫాస్ఫోక్రియాటిన్ అని, ఆ నిల్వ కూడా పది సెకన్ల ప్రాంతంలో తరిగిపోతుందని, వంద మీటర్ల పరుగునూ పదిహేను వందల మీటర్ల పరుగునూ ఒకే విధంగా సాధన చేయించకూడదనడానికి మూలం ఇక్కడే ఉందని ఆమె వివరించారు. ఆ ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి గుర్తించిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టి, ఈ చెన్నైలోనే మద్రాసు వైద్య కళాశాలలో చదువుకున్నారు. పరుగు నేర్పే ప్రతి తెలుగు ఉపాధ్యాయుడూ ఈ సంగతి పిల్లలకు చెప్పాలని నా అభిప్రాయం. సాధన చేసిన మరునాడు కాళ్లు నొప్పులు పుట్టడానికి లాక్టిక్ ఆమ్లం కారణమని మైదానాల్లో ఇప్పటికీ వినిపిస్తుంది; అది గంట రెండు గంటల్లోనే రక్తం నుంచి తొలగిపోతుందని, ఆ నొప్పికి అలవాటు లేని శ్రమ వల్ల కండరపు పోగులకు కలిగే సూక్ష్మమైన దెబ్బలే ముఖ్య కారణమని అక్క ఓపికగా చెప్పారు.

బోధనాభ్యాసం సైదాపేటలోని ఒక బడిలో జరిగింది. అక్కడి జీవశాస్త్రం టీచరు గారు తన పీరియడ్‌ను నాకిచ్చి, రక్తప్రసరణ పాఠాన్ని మైదానంలో చెప్పడానికి అనుమతించారు. పిల్లలు కూర్చుని పదిహేను సెకన్ల పాటు నాడి లెక్కించి నాలుగుతో గుణించారు, ఒక చుట్టు పరుగెత్తి మళ్లీ లెక్కించారు. విశ్రాంతిలో ఉన్న పెద్దవారి గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తాన్ని పంపుతుందని చెప్పినప్పుడు వారు వేసిన ప్రశ్నలతోనే మిగిలిన పాఠమంతా నడిచింది. ఆ పాఠాన్ని తమిళంలో చెప్పగలిగానంటే కారణం నా గది స్నేహితురాలు. తన పరీక్షలు దగ్గరపడుతున్నా ప్రతి రాత్రీ నా పాఠ్య ప్రణాళికను తమిళంలోకి మార్చి, డ్రిల్ ఆదేశాలను నా చేత పలికించిన ఆమెకు ఎన్ని కృతజ్ఞతలు చెప్పినా తక్కువే.

తెల్లవారకముందే మైదానానికి వెళ్లే నాకు రోజూ రాగి జావ కాచి ఇచ్చిన మా పిన్నికి, బాబాయికి కూడా నమస్కారాలు.

మాస్టారు చెప్పిన మార్కింగ్ లెక్కలనూ అక్క పాఠాలనూ తెలుగులో శుభ్రంగా రాసి ఉంచాను. బి.పి.ఎడ్.లో చేరుతున్న తెలుగు విద్యార్థులు ఎవరైనా అడిగితే, వారిద్దరి అనుమతితో సంతోషంగా పంపుతాను.