ఏనుగు డి4కు రావడమే మేలైన రక్షణ

ప్రియ మిత్రమా,

తెల్లవారు ముందు ఎత్తు వేసి గెలవాల్సిన చదరంగం చిక్కు అయిన సావెద్రా సమస్యలో నల్లవారికి మేలైన రక్షణ ఏదన్న మన పాత వాదాన్ని నీ ఉత్తరం మళ్ళీ లేవనెత్తింది కనుక, బల్ల ముందు పెట్టుకొని ప్రతి ఎత్తూ వేసి చూసిన తరువాతే ఈ జవాబు రాస్తున్నాను.

గడి పేరులో అక్షరం నిలువు వరుసను (ఏ నుంచి హెచ్ వరకు), అంకె అడ్డ వరుసను చెబుతాయి. తెల్ల రాజు బి6లో, బంటు సి6లో ఉన్నాయి. నల్ల రాజు ఏ1 మూలన, ఏనుగు డి5లో ఉన్నాయి. బంటు సి7కు జరగగానే (చివరి వరుస సి8 చేరితే అది మంత్రి కాగలదు) ఏనుగు డి6 నుంచి చెక్ చెబుతుంది, అంటే రాజుపై దాడి చేస్తుంది. అప్పుడు తెల్ల రాజు సి5కు వస్తే ఏనుగు డి1కు పరుగెత్తి, బంటు మంత్రి అయిన వెంటనే సి1 నుంచి చెక్ చెప్పి, రాజు వెనక ఉన్న ఆ మంత్రిని కొట్టేస్తుంది. అందుకే రాజు బి5, బి4, బి3 గడుల మీదుగా దిగివచ్చి, డి1 తన అదుపులో ఉండేలా సి2లో నిలుస్తాడు.

చెక్‌లు మధ్యలోనే మాని, బంటును మంత్రి కానిచ్చి, ఏనుగుతో పోరాడాలని నీవు అంటున్నావు. ఆ మాటలో బలముంది. కెన్ థాంప్సన్ అనే కంప్యూటర్ నిపుణుడి యంత్రం ఏనుగుతో కాచుకున్నప్పుడు గ్రాండ్‌మాస్టర్ వాల్టర్ బ్రౌన్ అంతటివాడు చేతిలో మంత్రి ఉండి కూడా తొలి ప్రయత్నంలో 50 ఎత్తులలో గెలవలేకపోయాడు. అయితే ఇక్కడ నల్ల రాజు మూలన ఇరుక్కొని ఉన్నాడు.

నా మొగ్గు చివరి ఎత్తుగా ఏనుగు డి4కు రావడానికే. బంటు మంత్రి అయితే ఏనుగు సి4లో చెక్ చెప్పి తనను తాను బలి ఇస్తుంది. మంత్రి దాన్ని కొట్టగానే స్టేల్‌మేట్, అంటే చెక్ లేకున్నా నల్లవారికి వేయదగిన ఎత్తు మిగలక ఆట డ్రా. 1895లో గ్లాస్గో వీక్లీ సిటిజన్‌లో చదరంగం శీర్షిక నడిపిన బార్బియే ఈ రక్షణనే నమ్మి ఆట డ్రా అని ప్రకటించాడంటే, ఆ ఎత్తు ఎంత గొప్పదో చూడు! ఆ నగరంలోనే ఉంటున్న స్పెయిన్ మతగురువు ఫెర్నాండో సావెద్రా మాత్రం బంటును మంత్రిగా కాక ఏనుగుగా మార్చాడు. ఆ ఒక్క ఎత్తు నాకు ఎన్నిసార్లు చూసినా ఆనందమే. ఏ8 నుంచి ఆట కట్టు బెదిరింపు ఉండటంతో నల్ల ఏనుగు ఏ4కు పోక తప్పదు. అప్పుడు రాజు బి3కు వచ్చి ఏనుగును పట్టుకుంటూనే సి1లో ఆట కట్టుకు దారి తెరుస్తాడు.

నీ దారిని నేను ఇలా పరీక్షించాను: రాజు బి4లో ఉన్నప్పుడు ఏనుగు డి2కు వెళ్ళి, బంటు మంత్రి అయ్యాక బి2 నుంచి చెక్ చెబితే, రాజు సి3కు వస్తాడు, ఏనుగు బి1కు తగ్గితే మంత్రి ఏ6 నుంచి ఆట కట్టిస్తుంది. ఇంతకన్నా గట్టిగా నిలిచే గడి నీకు కనబడితే, పూర్తి వరుసతో రాయి.

నీ మిత్రుడు