తిరుపతి హామ్ రేడియో మిత్రుల వార్షిక నివేదిక, 2024-25

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సమావేశాల్లో ఎక్కువ పొద్దు ఎస్‌డబ్ల్యూఆర్ (పంపిన పవర్‌లో యాంటెన్నా వైపు నుంచి ఎంత వెనక్కి వస్తోందో తెలిపే నిష్పత్తి; 1 అయితే ఏమీ వెనక్కి రానట్టు) మీటరు ముల్లు చుట్టూనే తిరిగింది. "మాది 1.1 సార్, ఇంకేం కావాల?" అని ధీమాగా చెప్పినవాళ్లే, బెంగళూరులోని హామ్ (అభిరుచి రేడియో) స్టేషన్‌కు కూడా తమ గొంతు చేరడం లేదని వాపోయారు. సంగతేమిటో తేల్చుకోక తప్పలేదు. అందుకే ఈ నివేదికలో ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాను.

ఒక సమావేశంలో ముప్పై మీటర్ల ఆర్‌జీ-58 అనే సన్నటి యాంటెన్నా కేబుల్ చుట్టను బల్ల మీద పెట్టాం. ఒక కొసకు మీటరు, దానికి 145 మెగాహెర్ట్జ్ హ్యాండ్‌సెట్. రెండో కొసకు ఏమీ తగిలించలేదు. యాంటెన్నా లేదు కాబట్టి ముల్లు చివరిదాకా పోవాలి. అది 1.7 దగ్గర నింపాదిగా నిలబడింది! ఆ ఫ్రీక్వెన్సీలో అంత పొడవు కేబుల్ సుమారు 6 డీబీ మింగేస్తుంది. అంటే పంపిన పవర్‌లో పావు వంతే అవతలి కొసకు చేరుతుంది. అక్కడ తగిలి వెనక్కి వచ్చేటప్పుడు అందులోనూ పావే మిగులుతుంది. మీటరు కంట పడేది పదహారో వంతు. కేబుల్ ఎంత పాడైతే మీటరు అంత ముద్దుగా కనిపిస్తుందన్నమాట. డమ్మీ లోడు (యాంటెన్నాకు బదులు తగిలించే, పవర్‌ను వేడిగా మార్చేసే రెసిస్టరు) కూడా 1.0 చూపిస్తుంది, దానితో ఎవరైనా మాట్లాడగలరా?

ఈశాన్య రుతుపవనాల వానల తర్వాత ఒక సభ్యుడి మిద్దె మీది కనెక్టరును విప్పి చూస్తే, లోపలి రాగి అల్లిక చిలుము పట్టి పచ్చగా ఉంది. కేబుల్‌ను అర మీటరు కత్తిరించినా లోపల నలుపు పోలేదు. మొత్తం కేబుల్ మార్చాక రీడింగు 1.2 నుంచి 1.6కు "పెరిగింది". ఆ సాయంత్రమే హైదరాబాద్ నుంచి మంచి రిపోర్టు వచ్చింది. కనెక్టర్లకు రబ్బరు టేపు చుట్టండి, కేబుల్ ఇంట్లోకి వచ్చే ముందు కిందికి ఒక వంపు వేయండి. ఇంతకు మించి వానకు మందు లేదు.

1.5 వద్ద వెనక్కి వచ్చేది 4 శాతమే, 2 వద్ద 11, 3 వద్ద 25. కాబట్టి 1.5ను 1.1 చేయాలని మే నెల ఎండలో మిద్దె ఎక్కి దిగేవాళ్లను చూస్తే నాకు జాలే. 2 దాటితే మాత్రం ఊరుకోకూడదు. ఇప్పటి సెట్లు తమంతట తామే పవర్ తగ్గించేస్తాయి. ట్యూనర్ (సెట్టుకూ కేబుల్‌కూ పొందిక కుదిర్చే పెట్టె) పెట్టామంటే సెట్టు తృప్తి పడుతుంది, ట్యూనర్‌కు అవతల కేబుల్ మీది ఎస్‌డబ్ల్యూఆర్ ఉన్నట్టే ఉంటుంది. కేబుల్‌ను చేత్తో పట్టుకోగానే రీడింగు మారుతోందంటే, కేబుల్ పై పొర మీద కరెంటు పారుతున్నట్టు. దాన్ని ఆపడానికి బాలన్ అనే పరికరం కావాలి.

40 మీటర్ల బ్యాండుకు (7 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల) డైపోల్, అంటే మధ్యలో కేబుల్ తగిలించి రెండు వైపులా చాచే వైరు యాంటెన్నా, కట్టుకునేవాళ్లు 143ను మెగాహెర్ట్జ్‌తో భాగించండి, మీటర్లలో పొడవు వస్తుంది. 7.1కి సుమారు 20.1 మీటర్లు, ఒక్కో రెక్క పది. ఎస్‌డబ్ల్యూఆర్ బాగా తగ్గే చోటు బ్యాండుకు కింద ఉంటే వైరు పొడవు ఎక్కువైందని అర్థం. తెంపొద్దు, మడిచి కట్టండి. ఉత్తరాన శేషాచలం గోడలా నిలబడి ఉన్నా, తక్కువ ఎత్తు డైపోల్ తరంగాలు ఎక్కువగా నిట్టనిలువునా పోతాయి కాబట్టి దగ్గరి రాష్ట్రాలతో మాటకు కొండ అడ్డం రాదు.

ఆంప్లిఫయర్ శిక్షణకు వాల్వు లీనియరే (వాక్యూమ్ ట్యూబుతో పవర్ పెంచే పెట్టె) వాడాం. ముందు డమ్మీ లోడు మీద, తక్కువ డ్రైవుతో (సెట్టు నుంచి ఇచ్చే పవర్): ట్యూన్ నాబ్ తిప్పి ప్లేట్ కరెంటును (వాల్వులో పారే ప్రధాన కరెంటు) డిప్‌కు, అంటే కనిష్ఠానికి తేవాలి, లోడు నాబ్ కొంచెం పెంచాలి, మళ్లీ డిప్. అలా పోతే డిప్ లోతు తగ్గుతూ పవర్ పెరుగుతుంది. గ్రిడ్ (వాల్వులోని నియంత్రణ జాలి) కరెంటు హద్దు దాటిందంటే లోడు చాలలేదని గుర్తు. ఆ స్థితిలో మాట్లాడితే పక్క ఫ్రీక్వెన్సీలన్నీ చెడతాయి. పవర్ పంపే కీ నొక్కి పెట్టేది కొద్ది సెకన్లే, ఆపై వాల్వు చల్లారనివ్వాలి. జనరల్ గ్రేడు లైసెన్సుకు 400 వాట్లే హద్దు, మీటరు ఇంకా పోగలదని పోవద్దు. మూత తీసేముందు ప్లగ్గు పీకండి, కెపాసిటర్లు డిశ్చార్జ్ అయ్యాయో లేదో చూసుకోండి. రెండు వేల వోల్టులు రెండోసారి నేర్పవు.

మిగతావి: కొత్తవాళ్లకు పరీక్ష తరగతులు మామూలుగానే నడిచాయి. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. గాదంకిలో వాతావరణ పరిశోధనకు వాడే 53 మెగాహెర్ట్జ్ ఎంఎస్‌టీ రాడార్‌ను, దాని 1024 యాగీ యాంటెన్నాలను చూడడానికి వచ్చే ఏడాది అనుమతి అడగాలని కార్యవర్గం అనుకుంటోంది.

సంఘం డమ్మీ లోడు కావలసినవాళ్లు రిజిస్టరులో సంతకం పెట్టి తీసుకెళ్లవచ్చు. వారంలోపు, అందులో రెసిస్టరును చల్లబరిచే నూనె ఒలకకుండా, తిరిగి ఇవ్వాలి.

కార్యదర్శి