ఎన్ని వోల్టుల దగ్గర ఆగుతుందో కారు బ్యాటరీ ఛార్జర్ డబ్బా మీద రాయించండి

సంపాదకులు గారికి నమస్కారం,

మాది అనంతపురం, కమలానగర్. మా పెద్దోడు బెంగళూరులో ఉద్యోగం, వాడి కారు మాత్రం మా ఇంటి ముందర వేపచెట్టు కింద ఉంటాది, పండక్కో పెళ్లికో వాడొస్తే తప్ప కదలదు. మా వీధిలోనే ఇట్లాంటి కార్లు ఐదారున్నాయి. ఊరికే నిలబెట్టినా లోపల అలారం, రిమోట్ లాక్, కంప్యూటర్లు కొంచెం కొంచెం కరెంటు తాగుతానే ఉంటాయి, దానికి తోడు మన ఊరి ఎండ, ఇంకేముంది, నెలా రెండు నెలలు తిరిగేసరికి బ్యాటరీ పడుకుంటాది.

పోయిన ఉగాదికి ముందు అట్లే అయింది. తాళం తిప్పితే టకటకమని శబ్దం తప్ప ఇంజన్ తిరగల్యా. తెలిసిన మెకానిక్ ఒకాయన పాత ఇనప డబ్బా ఛార్జర్ తెచ్చి, బ్యాటరీ వైర్లు విప్పకుండా కారులో ఉన్నదానికి ఉన్నట్టే క్లిప్పులు తగిలించి, ఇప్పుడే వస్తా సార్ అని టీకి పోయినాడు. ఆ టీ రెండు గంటలు పట్టింది లెండి. నేను అరుగు మీద పేపర్ చదువుకుంటా ఉంటే కుళ్లిన కోడిగుడ్డు వాసన, బానెట్ దగ్గరికి పోతే బుడబుడమని చప్పుడు, చెయ్యి పెడితే బ్యాటరీ కాలిపోతా ఉంది. ఇంట్లో మోటరు స్టార్టర్ చూసుకునేదానికి కొన్న మీటర్ ఒకటుంటే తెచ్చి పెట్టినా, 16.3 వోల్టులు, ఇంకా పైకి పోతానే ఉంది. ముందు గోడ దగ్గర స్విచ్ ఆపి ఆ తర్వాతే క్లిప్పులు పీకినా, ఎందుకంటే అప్పుడు బ్యాటరీలో నుంచి వచ్చేదాంట్లో హైడ్రోజన్ కూడా ఉంటాది, క్లిప్పు దగ్గర ఒక్క నిప్పురవ్వ ఎగిరినా పేలుతాది, యాసిడ్ మొహాన పడతాది. కారైతే స్టార్ట్ అయింది గానీ డ్యాష్‌బోర్డులో ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి ఆరల్యా. సర్వీస్ సెంటర్లో స్కానర్ పెట్టి తీసేసినారు, అంతటితో పోయింది.

అంబాసిడర్ కాలంలో ఈ డబ్బాలు సరిపోయినాయి, ఆ కారులో చెడిపోయేదానికి బల్బులు తప్ప ఏముండె. ఇప్పుడు పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలో 2019 నుంచి కొత్త కార్లు తయారవుతున్నాయి, వాటిని మన పిల్లోళ్లే బిగిస్తున్నారు, ఇవతల మన టౌన్లో ఛార్జింగ్ పెట్టేది మాత్రం తాతల నాటి ట్రాన్స్‌ఫార్మర్ డబ్బాతో!

సరే మంచిది కొందామని టౌన్లో అంగళ్లన్నీ తిరిగినా. యాడికి పోయినా ఒకటే మాట, "ఇది 20 ఆంపులు సార్, గంటలో ఎక్కేస్తాది". ఆంపులు ఎక్కువుంటే గొప్ప కాదయ్యా, 35 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే బ్యాటరీ ఎంత కరెంటు పట్టుకుంటాదో చెప్పే లెక్క) చిన్న కారు బ్యాటరీకి అందులో పదో వంతు, అంటే మూడున్నర నాలుగు ఆంపులు చాలు, రాత్రంతా పెట్టుకుంటాం. ఎన్ని వోల్టుల దగ్గర ఆగుతాది అంటే మాత్రం ఒక్కరూ చెప్పల్యా. వోల్టులు పెరిగేది మామూలు బ్యాటరీకి 14.4 దగ్గర, సిగ్నల్లో ఆగితే ఇంజన్ తనంతట తాను ఆగిపోయే కార్లు కొన్నింట్లో వచ్చే ఏజీఎం రకానికి 14.7 దగ్గర ఆగాల, నిండినాక 13.5కి అటూ ఇటూగా దిగిపోవాల. అదీ 25 డిగ్రీల లెక్క, మన మే నెల 42 డిగ్రీలకి ఇంకో 0.3 వోల్టు తగ్గించాల, వేడిని చూసుకుని తగ్గించే ఛార్జర్లు ఉన్నాయి కూడా. క్లిప్పులు తిరగేసి పెట్టినా కరెంటు వదలకూడదు. రిపేర్ మోడ్ అని ఒక బటన్ ఉంటాది కొన్నింటికి, అది 15, 16 వోల్టుల దాకా తీసుకుపోతాది, బ్యాటరీ కారులో ఉండంగా దాన్ని నొక్కొద్దు. ఇంకోటి, నల్ల క్లిప్పు బ్యాటరీకి కాకుండా ఇంజన్ మీదో బాడీ మీదో పెయింట్ లేని బోల్టుకి తగిలించాల, నిప్పురవ్వ దూరంగా పడతాది, కొత్త కార్లలో బ్యాటరీలోకి ఎంత కరెంటు పోయింది, ఎంత వచ్చింది అని చూసేదానికి నెగటివ్ దగ్గరుండే సెన్సర్ లెక్కా తప్పదు. హైవే మీద లారీ ఆపి దాని 24 వోల్టులకి మన 12 వోల్టుల కారు కేబుల్ తగిలించే మహానుభావుల గురించి రాయాలంటే ఇంకో ఉత్తరం కావాల.

నేను చూసిన ఒక డబ్బా మీద ఇంటెలిజెంట్ అని మాత్రం ఇంత లావు అక్షరాలతో ఉంది, ధర లేదు, తయారు చేసినోళ్ల అడ్రస్ లేదు. ప్యాక్ చేసి అమ్మే సరుకు మీద ఇవి ఉండాలని 2011 నుంచి రూల్స్ ఉన్నాయి, చూడాల్సింది తూనికలు కొలతల శాఖోళ్లు. పెట్రోల్ బంకులకి, కిరాణా తక్కెళ్లకి పోయినట్టే ఈ ఆటో స్పేర్స్ అంగళ్లకి కూడా ఒకసారి పోయి రమ్మనండి. ఎన్ని వోల్టుల దగ్గర ఆగుతుంది, ఏ రకం బ్యాటరీకి పనికొస్తుంది, ఈ రెండు ముక్కలు తెలుగులో డబ్బా మీద ఉండాలని ప్రభుత్వం గట్టిగా చెప్పాల.

మెకానిక్‌లను తిట్టి లాభం లేదు, వాళ్లకి నేర్పించినోళ్లెవరు? ఐటీఐలో ఆదివారం పూట క్లాసు పెట్టి, చేతికి ఒక మీటర్ ఇచ్చి చూపిస్తే అరపూట పని. మా మెకానిక్‌కి నేనే చూపించినా. ఆ ఇనప డబ్బా మాత్రం ఇంకా ఆయన షెడ్లోనే ఉంది, కొత్తది కొనేదానికి దుడ్లు యాడున్నాయి సార్ అంటాడు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
అనంతపురం